పెద్ద చక్రాలు, కురచ రోడ్డు

ఆ రోజు ఉదయం తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. పెందలాడే లేచి మడత సైకిలును బావమరిది కొట్టుకు తీసుకెళ్లాలి. దాని బుల్లి చక్రాలు తీయించి పెద్దవి పెట్టించాలి. ఆఫీసు వేళకు ఏమీ ఎరగనట్టు వెళ్లి కుర్చీలో కూర్చోవాలి. ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో, ఎవరూ అడగకపోతే ఎందుకు అడగలేదని ఎవర్ని అనుమానించాలో కూడా పళ్లు తోముకుంటూనే తేల్చేసుకున్నాడు.

ఆయన్ని పేరుపెట్టి పిలిచేవాళ్లు లేరు. ఎదురుగా సారు, చాటున తక్కెడ సారు. కొట్లో కాటా అయినా, బంకులో పెట్రోలు గొట్టమైనా, బట్టల దుకాణంలో మీటరు బద్దయినా, టాక్సీ మీటరైనా ఆయన సీలు పడందే పనిలోకి రాకూడదు. సన్నని తీగ చుట్టి, కొసలకు సీసపు బిళ్ల తగిలించి, పట్టకారుతో ఒక్క నొక్కు నొక్కితే ముద్ర పడుతుంది. మనుషుల్ని నమ్మే అవసరం లేకుండా బతకడానికి ఉన్న ఒకే మార్గం సీలు అని ఆయన ఏనాడో కనిపెట్టాడు. అనుమానం ఆయనకు జబ్బు కాదు, కళ్లూ చెవుల్లాంటి ఇంకో ఇంద్రియం. ఇంట్లో కూరగాయలు తూచుకోవడానికి ఒక కాటా, ఆ కాటా నిజం చెబుతోందో లేదో చూడటానికి ఇంకో కాటా ఉండేవి. రెండూ ఒకే మాట చెప్పిన రోజున ఆయనకు మరీ అనుమానం వేసేది.

ఆ వారం చివర్లో ఆఫీసులో పెద్ద సారు రిటైరవుతున్నాడు. ఆ కుర్చీ తక్కెడ సారుకే వస్తుందని పై ఆఫీసు నుంచి సూచన వచ్చింది. కారణం ఆయన తెలివీ కాదు, మంచితనమూ కాదు. ఆయన కొలత తప్పని ఇంతవరకూ ఎవరూ చూపించలేకపోయారు, అంతే. ఆ ఒక్కమాట మీదే ఆయన ఉద్యోగమూ ఆకలీ నిద్రా నిలబడి ఉన్నాయి.

సైకిలు గొడవ ఇది. రోడ్డు పక్కన స్టాండు వేసి వదిలి వెళ్లడం ఆయనకు చేతకాదు కనక మడత సైకిలు కొన్నాడు. నడుము దగ్గర మడిస్తే బల్ల కింద పట్టేస్తుంది, కళ్లముందు ఉంటుంది. కానీ దాని చక్రాలు మరీ చిన్నవి. బండి నాలుగు అడుగులు ముందుకు పోవాలంటే కాళ్లు బోలెడు చుట్లు తిరగాలి. ఆ గిరగిరా తిరిగే మోకాళ్లను దుకాణదార్లు వీధి మొదట్లోనే గుర్తుపట్టి, ఆయన వచ్చేలోగా దొంగ తూకపు రాళ్లు లోపలికి సర్దేస్తున్నారని ఆయన నమ్మకం. పైగా నవ్వుతున్నారు. నవ్వడం ఆయన స్వయంగా చూడలేదు. తను చూసేసరికి అందరూ మామూలుగా ఉండటమే రుజువు.

"ఉన్నట్టుండి చక్రాలకేం వచ్చిందండీ?" అంది భార్య, టీ కప్పు అందిస్తూ.

"చిన్నవి."

"కొన్నప్పుడు తెలీలేదా?"

"కొన్నప్పుడు నవ్వేవాళ్లు లేరు."

ఆవిడ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆయన ఆ చెంగు వంక చూసి, టీ కప్పు ఓసారి పైకెత్తి బరువు అంచనా కట్టి, తాగేశాడు.

బావమరిది సైకిలు కొట్టు ఒక మేడ మెట్ల కింద ఉంది. గోడల నిండా ట్యూబులు వేలాడుతుంటాయి. బావమరిది చేతులు ఎంత పనిచేస్తాయో నోరు అంతకు రెట్టింపు పనిచేస్తుంది.

"రా బావా రా. అక్క ఫోన్ చేసింది. పెద్ద చక్రాలంటగా. పెద్ద కుర్చీకి పెద్ద చక్రాలన్నమాట."

"కుర్చీ సంగతి నీకెవరు చెప్పారు?"

"అక్కే."

"ఎప్పుడు చెప్పింది?"

"నువ్వు అడిగే తీరు చూస్తుంటే నేనేదో చేసినట్టే ఉంటుంది బావా."

"చేశావా?"

బావమరిది పానా తుడుచుకుంటూ సైకిలు చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. ముందు ఫోర్కు పొడుగుది వెయ్యాలన్నాడు. బ్రేకులు కొత్తగా బిగించాలన్నాడు. వెనక మడ్‌గార్డు అడ్డం వస్తుంది, దాన్ని తీసెయ్యాలన్నాడు. ప్రతి మాటకూ ఆయన "ఎందుకు?" అన్నాడు. చివరికి బావమరిది చెయ్యి హ్యాండిల్ మీదున్న మీటరు దగ్గరికి వెళ్లింది.

అది అగ్గిపెట్టెంత మీటరు. ముందు చక్రం చువ్వకు ఒక అయస్కాంతపు ముక్క అంటించి ఉంటుంది. చక్రం ఒక్కో చుట్టు తిరిగినప్పుడల్లా మీటరు లెక్కపెట్టుకుని, ఎంత దూరం వచ్చారో అంకెల్లో చూపిస్తుంది. ఆ సైకిల్లో ఆయన మనసారా ప్రేమించిన భాగం అదొక్కటే.

"బావా, దీన్ని కూడా ఒకసారి..."

"చెయ్యి తియ్యి."

"అది కాదు బావా, చక్రం పెద్దది పెడుతున్నాం కదా..."

"తియ్యమన్నానా."

బావమరిది తీశాడు. అయినా ఆయన మనసు కుదుటపడలేదు. తీసిన చెయ్యి మళ్లీ రాదని ఎవరు చెప్పొచ్చారు? సంచిలోంచి తీగా సీసమూ పట్టకారూ తీశాడు. మీటరు బొత్తాం మీద చిన్న రేకు మూత పెట్టి, చుట్టూ తీగ బిగించి, సీలు నొక్కాడు. ఇక ఆ మీటరును ఆయన తప్ప ఎవరూ ముట్టుకోలేరు.

"మీటరుకి చెవిపోగు పెట్టించావేంటి బావా," అని బావమరిది పనిలో పడ్డాడు. అనబోయిన మాట ఆ పనిలో ఎక్కడో జారిపోయింది. ఆయన స్టూలు మీద కూర్చుని ప్రతి మరనూ ఎటు తిప్పుతున్నాడో చూస్తూనే ఉన్నాడు.

పని అయ్యాక చూస్తే సైకిలు కాస్త ఒళ్లు చేసి, పొడుగు సాగినట్టుంది. మడిస్తే మాత్రం పూర్తిగా మడత పడలేదు. చక్రానికి చక్రం తగిలి సగంలో ఆగిపోయింది.

"అంతే బావా. ఇదివరకు వంగి దండం పెట్టేది, ఇప్పుడు తలూపి ఊరుకుంటుంది. కుర్చీ ఎక్కినవాళ్లందరూ అంతేగా."

ఆఫీసుకు వెళ్తుంటే ఆయనకు ఒళ్లంతా తేలికపడింది. మోకాళ్లు నింపాదిగా, మర్యాదగా కదులుతున్నాయి. గతుకులు చక్రాల కింద వచ్చిపోతున్నాయే గాని నడుము దాకా రావడం లేదు. అరటిపళ్ల బండివాడు తలెత్తి చూసి, గుర్తుపట్టక మళ్లీ దించుకున్నాడు. అంత సుఖం మీద ఆయనకు సహజంగానే అనుమానం వచ్చి మీటరు చూశాడు. ఇంటి నుంచి ఆఫీసుకు రోజూ వచ్చే దూరం కన్నా బాగా తక్కువ చూపిస్తోంది.

ముందు బావమరిది గుర్తొచ్చాడు. వంగి సీలు చూశాడు. చెక్కుచెదరలేదు. అంటే మీటరు నిజమే చెబుతోంది. మరి దూరం ఎందుకు తగ్గింది? గేటు దగ్గర ఒక కాలు నేల మీద ఆనించి కాసేపు ఆలోచించాడు. చిన్న చక్రాలు వణుకుతూ వంకరటింకరగా పోయేవి, ఆ వంకరలన్నీ దూరంలో కలిసేవి. ఇప్పుడు తిన్నగా వచ్చాడు. ఇన్నాళ్లూ తను తిన్నగా లేడన్నమాట. ఆ ఆలోచన కొంచెం గుచ్చుకున్నా, లెక్క కుదిరినందుకు సంతోషించి లోపలికి నడిచాడు.

మర్నాడు టాక్సీ మీటర్ల పరీక్ష. ఊరి చివర గోదాముల వెనక నిటారుగా పోయే రోడ్డు ఉంది. ఈ కొసన ఒక ఇనుప స్తంభం, ఆ కొసన ఒకటి. మధ్య దూరం సరిగ్గా కిలోమీటరు. పెద్ద సారు ఉద్యోగంలో చేరిన కొత్తల్లో స్వయంగా కొలిచి పాతించినవి. టాక్సీ ఈ స్తంభం దగ్గర బయల్దేరి ఆ స్తంభం దగ్గర ఆగేసరికి దాని మీటరు కిలోమీటరు చూపించాలి. చూపిస్తే సీలు, లేకపోతే ఇంటికి. ఊళ్లో తిరిగే ప్రతి టాక్సీ ఆ రెండు స్తంభాల మధ్య నడిచి వచ్చిందే.

ఆ రోజు పరీక్షకు చిన్న ఇన్‌స్పెక్టరమ్మ కూడా వచ్చింది. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ ఆయన దగ్గరే పని నేర్చుకుంటోంది. ఆమెకు ఆయన మొదటి రోజే మూడు ముక్కలు చెప్పాడు: "సీలు బాగుంటే లోపలున్నది నిజం. మనిషి మాట తర్వాత. తెలిసినవాడు పొరపాటు చెయ్యడు, చేస్తే అది పొరపాటు కాదు." ఆమె వాటిని గుండెల్లో పెట్టుకుంది.

ఆమె ఒక మీసాల డ్రైవరు టాక్సీలో ఎక్కి కూర్చుంది. ఆయన పక్కనే సైకిలు మీద బయల్దేరాడు. టాక్సీ ఆ కొస చేరి ఆగింది. ఆయన ఆయాసపడుతూ చేరి తన మీటరు చూసుకున్నాడు. కిలోమీటరు కాలేదు. కాలేదంటే కొద్దిగా కాదు, చాలా దూరంలో ఆగిపోయింది. వెనక్కి వెళ్లి మళ్లీ తొక్కాడు. ఈసారి గీత గీసినట్టు తిన్నగా తొక్కాడు. అదే మాట. సీలు చూశాడు. ముద్ర నిగనిగలాడుతోంది.

ఆయన ఒంట్లో చల్లగా ఏదో పాకింది. అది భయం కాదు. ఇన్నేళ్లుగా అనుమానిస్తూ వచ్చిన మనిషికి అనుమానించదగ్గది నిజంగా దొరికినప్పుడు కలిగే ఒకలాంటి ప్రశాంతి.

రోడ్డు కురచది. ఆ కురచ రోడ్డును కిలోమీటరని ఒప్పుకున్న టాక్సీలన్నీ జనం దగ్గర ఎక్కువ ఛార్జీ లాగుతున్నట్టే. ఆ రోడ్డు కొలిచింది పెద్ద సారు. వెంటనే పాత సంగతులన్నీ వరస కట్టి వచ్చి ఆయన ముందు నిలబడ్డాయి. ఈ స్తంభం దగ్గరికి వచ్చినప్పుడల్లా పెద్ద సారు దాన్ని అరచేత్తో తట్టేవాడు. ఎందుకు తట్టాలి? ఒకసారి పిలవకుండానే టీ ఇప్పించాడు. ఎందుకు ఇప్పించాలి? ఒకసారి మాట్లాడుతూ కిటికీలోంచి బయటికి చూశాడు. బయట ఏముంది? ఒక్కొక్కటీ విడిగా ఏమీ కాదు. కలిపి తూస్తే బరువుగానే ఉన్నాయి.

"ఈ రోడ్డు కిలోమీటరు లేదు," అన్నాడు చిన్న ఇన్‌స్పెక్టరమ్మతో, గొంతు తగ్గించి.

ఆమె కళ్లు పెద్దవయ్యాయి. "మీటరు సీలు బాగుందా సార్?"

"నేనే వేశాను."

"అయితే ఇంకేముంది," అంది ఆమె.

గొంతు తగ్గించినా మీసాల డ్రైవరు చెవులు టాక్సీ కిటికీ బయటే ఉన్నాయి. ఆ మాట అతని బండెక్కి స్టాండుకు చేరింది, అక్కణ్నుంచి ఊళ్లోకి. పొద్దున ఊరి చివర రోడ్డు కురచది. మధ్యాహ్నానికి ఊళ్లో రోడ్లన్నీ కురచవే. టీల వేళకు తగ్గిన రోడ్డు ముక్కను ఆఫీసువాళ్లు ఎవరికో అమ్ముకున్నారు. జనం టాక్సీ దిగి ఇవ్వాల్సిన దాంట్లో తోచినంత కోసుకుని చేతిలో పెట్టడం మొదలుపెట్టారు. బట్టల దుకాణంలో ఒకావిడ మీటరు బద్దను చేతిలోకి తీసుకుని, "కిలోమీటరే కురచట, ఇదెంత?" అని జానెడు గుడ్డ అదనంగా కొలిపించుకుపోయింది. సాయంత్రానికి ఆఫీసు గేటు ముందు టాక్సీలు అడ్డదిడ్డంగా నిలిచి హారన్లు కొడుతున్నాయి. టాక్సీల ఎదురుగా ప్రయాణికులు నిలబడ్డారు. ఇద్దరి మధ్యా కాపలాదారు నిలబడి, ఎటు మొహం పెట్టాలో తెలీక ఆకాశం వంక చూస్తున్నాడు.

పెద్ద సారు కబురు పంపాడు.

"రోడ్డు కురచంటున్నావట."

"నేను కాదు సార్. మీటరు అంటోంది."

"మోకాళ్ల మీద పాకుతూ కొలిచానయ్యా ఆ రోడ్డుని."

"మోకాళ్ల సంగతి నాకు తెలీదు సార్. సీలు సంగతి తెలుసు."

పెద్ద సారు కిటికీలోంచి బయటికి చూశాడు. తక్కెడ సారు ఆ చూపును మనసులో రాసుకున్నాడు.

"సరే. రేపు పొద్దున అందరి ఎదుటా టేపు పట్టి కొలుద్దాం. నాది తప్పయితే వీడ్కోలు సభ కూడా పెట్టకండి, చెప్పు చప్పుడు కాకుండా వెళ్లిపోతాను." మళ్లీ ఆగి, మెల్లగా అన్నాడు: "నువ్వన్నావంటే నాకే అనుమానం వేస్తోంది. టేపు ఆ కొసన పట్టుకున్నవాడు సరిగ్గా పట్టుకున్నాడో లేదో."

ఆ మాటకు ఒక్క క్షణం తక్కెడ సారు మనసు మెత్తబడింది. ఎదుటి మనిషి కళ్లలో తన అనుమానమే కూర్చుని తనవంక చూస్తున్నట్టయింది. కానీ మెత్తబడటం కూడా పెద్ద సారు పన్నాగమేమో అనిపించి, తిన్నగా ఊరి చివరకు వెళ్లి, చీకటి పడకముందే రెండు స్తంభాల మొదళ్లకూ తీగ చుట్టి సీలు వేసి వచ్చాడు. స్తంభాలు ఇక ఎక్కడికీ జరగలేవు.

ఇంటికి చేరేసరికి భార్య గుమ్మంలో నిలబడి ఉంది.

"మా తమ్ముడు ఫోన్ చేశాడండీ. ఊరంతా ఏదో గోలగా ఉందట. మీ సైకిలు గురించి మీతో ఓ మాట చెప్పాలట."

"ఏం మాట?"

"మీకే చెబుతాడట."

"వద్దను. చుట్టాలు ఇందులో వేలు పెట్టకూడదు."

"వేలు కాదండీ, మాట."

"అదీ వద్దను."

మర్నాడు పొద్దున ఊళ్లో సగం గోదాముల వెనకే ఉంది. పెద్ద సారు ఇనుప టేపు తెప్పించాడు. తక్కెడ సారు టేపును నమ్మలేదు. ఇంకో టేపు తెచ్చారు. రెండు టేపుల్నీ నేల మీద పక్కపక్కన పరిచి, మొదటి గీత నుంచి చివరి గీత దాకా వంగి చూసి, సరేనన్నాడు. కొలత మొదలైంది. సున్నంతో గుర్తు పెడుతూ, టేపు ఎత్తుతూ, మళ్లీ పరుస్తూ జనమంతా పెళ్లి ఊరేగింపులా ఆ కొస వైపు కదిలారు. పెద్ద సారు చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నడిచాడు. ఆయన మెడ మీద చెమట తుడుచుకుంటూ ఒక్కసారి కూడా తక్కెడ సారు వంక చూడలేదు.

టేపు చివరి గీత స్తంభాన్ని ముద్దుపెట్టుకున్నట్టు తాకింది. సరిగ్గా కిలోమీటరు. వేలెడు తేడా లేదు.

"టేపు ఎవరిది? ఆఫీసుదేగా," అన్నారు ప్రయాణికులు.

"ఇంకోసారి," అన్నాడు తక్కెడ సారు.

రెండో టేపుతో వెనక్కి కొలిచారు. అదే కిలోమీటరు. ఎండ ముదిరింది. ఆయన ఎవర్ని అనుమానించాలా అని వెతికాడు. టేపులు అయిపోయాయి. స్తంభాలు అయిపోయాయి, వాటికి సీలు ఉంది. పెద్ద సారు అయిపోయాడు. అనుమానం ఎక్కడా నిలవడానికి చోటు దొరకక ఆయన చుట్టూ తిరుగుతూ ఉంది. ఆ గాభరాలో పక్కనున్న సైకిలు హ్యాండిల్ పట్టుకుని ఊరికే కొంచెం ముందుకు తోశాడు. చువ్వకున్న అయస్కాంతపు ముక్క నింపాదిగా, మర్యాదగా, ఒక పెద్ద చుట్టు తిరిగి వచ్చింది.

పెద్ద చుట్టు.

చక్రం పెద్దది. ఒక్క చుట్టుకే బండి ఎక్కువ దూరం పోతోంది. మీటరుకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. అది పాపం ఇంకా బుల్లి చక్రాల చుట్లే లెక్కపెట్టుకుంటోంది. చెప్పబోయిన చెయ్యిని తియ్యమన్నది తనే. చక్రం కొలత మార్చే బొత్తాం మీద మూత పెట్టి సీలు నొక్కిందీ తనే. ఊరు మొత్తంలో తప్పుడు కొలత ఒక్కటే ఉంది, దాని మీద తన ముద్ర ఉంది.

చిత్రంగా, మొదట ఆయనకు కలిగింది సిగ్గు కాదు. ఎప్పటినుంచో మోస్తున్న బరువేదో దించినట్టయింది. పెద్ద సారు టీ ఉట్టి టీయే. కిటికీ ఉట్టి కిటికీయే. ఒక్క నిజం చెప్పేస్తే చాలు, అందరూ ఇళ్లకు వెళ్లిపోతారు. జీవితంలో మొదటిసారి ఆయన జనాన్ని నమ్మి, గొంతు విప్పాడు.

"పొరపాటు నాదే. చక్రాలు పెద్దవి వేయించాను. మీటరు మార్చడం మర్చిపోయాను. రోడ్డు సరిగ్గానే ఉంది."

మీసాల డ్రైవరు ముందుకొచ్చాడు.

"మర్చిపోయారా? తమరా?"

"మర్చిపోయాను."

"మా మీటరు మీద దుమ్ము పడితే అదెందుకు పడిందని నిలబెట్టి అడిగే మనిషి. తమరు మర్చిపోయారంటే మేం నమ్మాలా?"

"ఎంత ముట్టిందో," అన్నాడు అవతల పక్కనుంచి ఒక ప్రయాణికుడు. "నిన్న కురచ, ఇవాళ సరి. రాత్రికి రాత్రి రోడ్డు పొడుగైందా?"

"మా పొట్ట కొట్టాలని ఆయనే పన్నిన పన్నాగం," అన్నారు టాక్సీలవాళ్లు.

"కాదు, మీరే ఆయన నోరు నొక్కారు," అన్నారు ప్రయాణికులు. పొద్దుట్నుంచీ కొట్టుకోవడానికి సిద్ధంగా ఉన్న రెండు పక్షాలూ ఆయన విషయంలో మాత్రం ఒక్కటయ్యాయి. కారణాలు వేరైనా ఆయన అబద్ధం చెబుతున్నాడని ఇద్దరూ ఒప్పుకున్నారు.

అప్పుడే బావమరిది జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. భుజాన చెరో పక్కా పాత బుల్లి చక్రాలు.

"ఆగండాగండి. మా బావ కావాలని చెయ్యలేదండీ. నేను సాక్ష్యం. మీటరు మార్చాలని నేను చెప్పబోతుంటే చెయ్యి తియ్యమన్నాడు. మళ్లీ చెప్పబోతే మళ్లీ తియ్యమన్నాడు. పైగా ఎవరూ ముట్టుకోకుండా దానికి సీలు కూడా వేసేశాడు. ఇంత అమాయకుణ్ని నేను ఎక్కడా చూళ్లేదు."

తక్కెడ సారు కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి ఎదురుగా చిన్న ఇన్‌స్పెక్టరమ్మ ఉంది. ఆమె ముఖంలో కోపం లేదు. బాగా చదివిన పాఠంలోంచే ప్రశ్న వచ్చిన విద్యార్థిలా ఉంది.

"సీలు ఎవరు వేశారు సార్?"

"నేనే."

"ఎందుకు?"

"ఎవరూ మార్చకుండా."

"అంటే, ఎవరూ సరిచెయ్యకుండా."

"అలా కాదమ్మా..."

"చక్రాలు మారాయని తెలుసు. మీటరు మార్చాలని మీ బావమరిది రెండుసార్లు చెప్పబోయినా మార్చకుండా సీలు వేశారు. అదే మీటరు పెట్టి మీరు పెద్ద సారు గారి రోడ్డును కొలిచారు. అదీ ఆయన వెళ్లిపోయే వారంలో. ఆ కుర్చీ మీకు రాబోయే వారంలో."

"చుట్టం మాట పట్టుకుని అంటావేంటమ్మా?"

"చుట్టం మేలు చేసే మాట చెబితే నమ్మొద్దు, కీడు చేసే మాట చెబితే వదలొద్దు అన్నారు కదా సార్. కాటాల కేసప్పుడు."

అన్నాడు. ఆ రోజు చాలా గర్వంగానే అన్నాడు.

"నేను నిజంగా మర్చిపోయానమ్మా," అన్నాడు. తన గొంతు తనకే దొంగ కాటావాడి గొంతులా వినిపించింది. వాళ్లందరూ సరిగ్గా ఇదే మాట, ఇదే దీనస్వరంతో అనేవాళ్లు. వాళ్లలో నిజంగా మర్చిపోయినవాళ్లు కూడా ఉండి ఉంటారా అన్న ఆలోచన మొదటిసారి వచ్చి, చటుక్కున వెళ్లిపోయింది. దానికి ఇది సమయం కాదు.

"తెలిసినవాడు పొరపాటు చెయ్యడు సార్," అంది ఆమె మెల్లగా. "చేస్తే అది పొరపాటు కాదు."

పెద్ద సారు దగ్గరికొచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి స్తంభాన్ని తట్టినట్టే తట్టింది.

"కుర్చీ కావాలంటే అడిగితే ఇచ్చేవాణ్ని కదయ్యా. ఇంత దూరం రావాలా?"

మధ్యాహ్నం పై ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. విచారణ చిన్న ఇన్‌స్పెక్టరమ్మ చేస్తుంది. అది తేలేదాకా కుర్చీ ఆమె చూసుకుంటుంది. సైకిలు జప్తు.

జప్తు సామాన్ల బీరువా తలుపు ఆయనే తెరిచాడు. చేతులు అలవాటుగా ఆ పని చేసేశాయి. లోపల వరసగా తూకపు రాళ్లూ, కొలపాత్రలూ, గుల్ల చేసిన కాటా పళ్లేలూ ఉన్నాయి. ఆమె సైకిలు మడవబోయింది. సగం మడిచేసరికి చక్రానికి చక్రం తగిలి ఆగిపోయింది. ఇంకాస్త నొక్కింది. అది తలూపి ఊరుకుంది.

"మడత పడదమ్మా," అన్నాడు ఆయన.

"ఎందుకు పడదు సార్? మడత సైకిలే కదా." ఆమె కళ్లలో కొత్త అనుమానం తళుక్కుమంది.

చివరికి ముందు చక్రం బీరువా బయటికే ఉండిపోయింది. ఆమె తలుపులకు తీగ చుట్టి సీలు నొక్కి, బయటున్న చక్రానికి విడిగా ఇంకో సీలు నొక్కింది. తీగ మెలి సమంగా ఉంది, ముద్ర మధ్యలో పడింది, ఎక్కడా వదులు లేదు. తనను ఇంత శ్రద్ధగా అనుమానించిన మనిషి ఇంతవరకూ లేరు. అంత దిగులులోనూ ఆయనకు ఆ పని తీరు చూస్తే ముచ్చటేసింది.

బయటికొచ్చేసరికి గేటు దగ్గర ఒకటే టాక్సీ మిగిలింది. మీసాల డ్రైవరు తలుపు తీసి పట్టుకున్నాడు.

"ఎక్కండి సారూ. నడిచి వెళ్తారా ఏంటి."

ఆయన ఎక్కి కూర్చున్నాడు. "మీటరు వెయ్యి."

"ఏ కిలోమీటరు లెక్కన సారూ? మాదా, తమరిదా?"

బండి కదిలింది. బట్టల దుకాణమూ, అరటిపళ్ల బండీ వెనక్కి పోయాయి. దారి పొడవునా ఆయన మీటరు వంక చూడలేదు. డ్రైవరు మాత్రం అద్దంలోంచి ఆయన చేతుల వంకే చూస్తూ బండి నడిపాడు.